బాలింత వాటా

ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అందరూ ఒకే మాట అడుగుతారు. "ఊళ్లోవాళ్లు మన మాట వినాలంటే ఏం చెయ్యాలి పెద్దమ్మా?" అని. వినని ఊళ్లు నేనూ చూశాను. కానీ నాకు ఈ పని నేర్పింది నా మాట విన్న ఊరు. విన్నందుకే అక్కడ ఒక పసిబిడ్డ ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి దాచుకోకుండా రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. పెంచలస్వామి దయవల్ల కళ్లింకా కనిపిస్తున్నాయి, చెయ్యి వణకడం లేదు. అందుకని ఇప్పుడు కూర్చున్నాను.

నా చదువు, నా సంచి

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే ఇసకలో అక్షరాలు దిద్దించారు, పురాణాలు చదివించారు, ఎక్కాలు అప్పజెప్పించుకున్నారు. పెళ్లయిన రెండేళ్లకే మా ఆయన పోయారు. దాని గురించి ఇక్కడ రాయను. మా అన్నయ్య పట్టుబట్టి నాచేత ఎనిమిదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయించి, గ్రామసేవికల శిక్షణకి పంపాడు. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో అది చిన్న సాహసం కాదు. అన్నయ్యని తలుచుకోకుండా నేను ఇవాళ్టికీ దీపం పెట్టను.

యాభైల చివర్లో నన్ను సూళ్లూరుపేటకి అవతల, కాలవ గట్టున ఉన్న ఒక ఊరికి వేశారు. నా కింద నాలుగైదు ఊళ్లు. అన్నింటికంటే దూరం చేపలు పట్టేవాళ్ల పాళెం. కాలవ పడవలో దాటి, సరుగుడు తోపుల్లో ఇసకలో ఈడ్చుకుంటూ నడిస్తే సముద్రపొడ్డున తాటాకు గుడిసెలు. సంచిలో సబ్బు బిళ్లలు, తిండి బొమ్మలున్న పటం, పాలపొడి పొట్లాలు. చెప్పవలసినవి చాలా ఉండేవి. నీళ్లు కాచుకోండి, బాలింతని పస్తు పెట్టకండి, ఆకుకూరలు తినండి. చెప్పి చెప్పి సాయంత్రానికి గొంతు పోయేది.

మా అమ్మ నాతోనే ఉండేది. మడీ ఆచారమూ గట్టిగా ఉన్న మనిషి. పాళెం నుంచి వచ్చిన రోజు పెరట్లో బావి దగ్గర నెత్తిన నీళ్లు పోసుకుంటేనే గడప తొక్కనిచ్చేది. ఆ చీర కంచె మీదే ఆరాలి. నేనూ దాన్ని తప్పనుకోలేదు. నేను పెరిగింది అదే ఇంట్లో.

చీటీలో మొదటి వరుస

మా ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు కనిపించేవారు. రోగి బల్ల మీద కూర్చోగానే నాలుకైనా చూడకముందే, "నిన్న పొద్దుటినుంచి ఏం తిన్నావు? ఒక్కటి వదలకుండా చెప్పు" అనేవారు. చీటీలో మొదటి వరుస ఎప్పుడూ తిండే. మందు రెండో వరుస. చదువు రానివాళ్లకి బొమ్మ వేసి ఇచ్చేవారు. బొమ్మలు మాత్రం ఆయనకి చేతకాదు. ఏం వేసినా వంకాయలాగే ఉండేది.

ఒకసారి కాళ్లు వాచి, తల తిరుగుతుందని ఒక పెద్దాయన వచ్చాడు. అంతకుముందే ఉప్పు తగ్గించమని చీటీ రాసి ఇచ్చి ఉన్నారు.

"ఉప్పు మానేసినావా?"

"మానేసినానయ్యా. నెల అయింది."

"నిన్న ఏం తిన్నావు?"

"సద్దన్నం."

"అందులోకి?"

"ఆవకాయ."

"మాపటికి?"

"ఎండుచేప కాల్చుకున్నా."

"ఉప్పు మానేసినానంటివే?"

"అన్నంలో నేనెయ్యడం మానేసినానయ్యా. ఎండుచేపలో ఉండేది సముద్రం ఏసింది గదా, నేనేసినానా?"

డాక్టరు గారు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ పెద్దాయన్ని పంపేశాక నాతో అన్నారు: "చూశావామ్మా. మనం 'ఉప్పు' అంటాం. ఆయనకి ఉప్పంటే కుండలో ఉండేది. ఆ ఇంట్లో ఏది పొయ్యెక్కుతుందో తెలియకుండా ఏం చెప్పినా దండగ." ఆ మాట నా మనసుకి ఎక్కిందనే అనుకున్నాను. ఎక్కలేదు.

నా ఉపవాసాలు

మా ఆఫీసరు గారికి వంట చేసి చూపించే కార్యక్రమాలంటే ఇష్టం. తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఎదురుగా వరసగా కూర్చున్న ఆడవాళ్లు, ఫొటో. ఆయన చెడ్డవాడు కాదు, జీపు అడిగితే కాదనేవాడు కాదు. అయితే క్యారెట్టు ముఖం చూడని పాళెంలో క్యారెట్టు వంట చెయ్యమని పంపించేవాడు. చేసేవాళ్లం. ఫొటో తీసేవాళ్లు. ఆ ఫొటోలు చూసి ఎవరైనా బాగుపడ్డారో లేదో నాకు తెలియదు.

నా తోటకూర పప్పు మాత్రం బాగుండేదని పేరు. మొదటిసారి పాళెంలో చేసిన రోజు కాటమ్మ అనే ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. చేపలగంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మే మనిషి. గొంతు కాలవ అవతలికి వినిపించేది.

"వండేదానివి ఉప్పన్నా చూడవా?" అంది.

"మా ఇంట్లో వండేవాళ్లు రుచి చూడరమ్మా. స్వామికి పెట్టినాకే" అన్నాను.

"ఈడ స్వామి యాడున్నాడు? నువ్వే తిని చూపించు."

"ఇవాళ నాకు ఉపవాసం."

మళ్లీ వారం వెళ్లినప్పుడు అదే అడిగింది. అదే చెప్పాను. మూడోసారి అందరిముందూ అనేసింది: "మా పాళెం తొక్కిన దినమల్లా నీకు ఉపవాసమేనా సేవికమ్మా? నువ్వు తినని ఇంట్లో నువ్వు చెప్పిన తిండి ఎవురు తింటారు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి పటం విప్పాను. ఆ పటంలో పాలు, పప్పు, ఆకుకూర, గుడ్డు, అన్నీ వేలు పెట్టి చూపించేదాన్ని. కింద మూల ఒక చేప బొమ్మ కూడా ఉండేది. దాని మీదికి నా వేలు ఒక్కసారీ పోలేదు.

రెండు ముక్కల మాట

కాటమ్మ కోడలు చెంచమ్మ. మొదటి బిడ్డ మూడు నెలలకే పోయింది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు నేను చెప్పిన ప్రతి మాటా పట్టుకుంది. నీళ్లు కాచేది. గుడిసె వెనక ఇసకలో మట్టి పోసి తోటకూర పెంచింది. నేను వస్తున్నానంటే పడవ దాకా ఎదురొచ్చేది. అట్లాంటి పిల్ల దొరకడం ఈ పనిలో భాగ్యం. ఆ భాగ్యాన్ని నేను ఎట్లా వాడుకున్నానో చెబుతాను.

ఆ పాళెంలో ఒక ఆచారం ఉండేది. ఎవరింట్లోనైనా బాలింత ఉంటే, ఎవరి తెప్పకి పాలసొర పడినా దాంట్లో మొదటి తునక ఆ ఇంటిది. పాలసొర అంటే చిన్న సొరచేప. దాన్ని ఉడికించి, పొడి చేసి, వెల్లుల్లి దట్టించి పుట్టు చేసి పెడితే తల్లికి పాలు పడతాయని వాళ్ల నమ్మకం. అడగక్కర్లేదు, బదులివ్వక్కర్లేదు. దాన్ని బాలింత వాటా అనేవాళ్లు. మా బ్లాకాఫీసు పుట్టకముందే ఆ ఊరు తన తల్లుల్ని తనే చూసుకుంటోందన్నమాట. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు నాకు వాసన ఒక్కటే తెలిసింది.

నెలలు నిండాక చెంచమ్మ అడిగింది: "మా అత్త సొరపుట్టు పెట్టాలంటది. తినొచ్చా అమ్మా?"

ఆ రోజు గుడిసె ముందు సొరచేపలు కోసి ఎండేసి ఉన్నాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. తొందరగా తోపు దాటి పోవాలని ఉంది. "వద్దులే చెంచమ్మా. వేడి చేస్తుంది. డాక్టరు గారు వద్దన్నారు. పాలపొడి ఇస్తాం గదా, పప్పన్నం తిను" అన్నాను.

డాక్టరు గారు ఆ మాట ఎన్నడూ అనలేదు. నేను వద్దంటే కాటమ్మ ఒప్పుకోదని ఆయన పేరు వాడుకున్నాను. రెండు ముక్కల మాట. చెప్పి మర్చిపోయాను.

"ఒక్క తునక ముట్టలా"

కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది. ఆ యేడు వానలు విడవలేదు. కాలవ పొంగి పడవ ఆగిపోతే మూడు వారాలు నేను పాళెం పోలేకపోయాను.

పోయేసరికి చెంచమ్మ గుడిసెలో ఒక మూల గోడకి ఆనుకుని ఉంది. ఒళ్లో బిడ్డ. ఏడుపు లేదు. కళ్లు లోపలికి పోయి, నడినెత్తి గుంటపడి ఉంది. రెండు రోజులుగా విరేచనాలట.

"పాలు?" అన్నాను.

"పళ్లేదమ్మా. నువ్విచ్చిన పొడే కలిపి పోస్తన్నా."

"నీళ్లు కాచావా?"

"పుల్లలన్నీ తడిసిపాయె. చెలమనీళ్లే." ఇసకలో తవ్విన గుంటలో ఊరే నీళ్లని చెలమనీళ్లంటారు. వానకి అందులోకి ఊళ్లో ఉన్నదంతా కొట్టుకొచ్చి ఉంటుంది.

కాటమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. "మూడు మాట్లు వాటా వచ్చింది సేవికమ్మా. తిననంది. డాక్టరు వద్దన్నాడంట గదా."

చెంచమ్మ నా వైపు చూసి, మెప్పు కోసం చూసే బడిపిల్ల లాగా అంది: "నువ్వు చెప్పినట్టే చేసినానమ్మా. ఒక్క తునక ముట్టలా."

నన్ను ఆ ఉద్యోగంలో చాలామంది తిట్టారు. ఒకాయన నా మీద కుక్కని వదిలాడు. అవేవీ నేను మనసులో పెట్టుకోలేదు. ఈ మాట మాత్రం పూజలో కూర్చున్నప్పుడు కూడా వినపడుతుంది.

వాన తెరిపిచ్చిన ఆ పూటే పడవలో ముగ్గురం బిడ్డని తీసుకుని ఆరోగ్య కేంద్రానికి పోయాము. దారంతా నేను స్వామిని పిలుస్తూనే ఉన్నాను. బిడ్డ మునివేళ్లు చల్లగా ఉన్నాయి. డాక్టరు గారు రెండు తొడల్లోనూ సూదులు గుచ్చి నీళ్లెక్కించారు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బిడ్డ గొంతు విప్పి ఏడ్చేదాకా ఆయన లేవలేదు. అప్పుడు చెంచమ్మ వైపు తిరిగారు.

"నిన్న ఏం తిన్నావు?"

"గంజి."

"మొన్న?"

"గంజి, చింతకాయ తొక్కు. పప్పులు పై ఊళ్లనుంచి రావాల గదయ్యా. పడవ లేదు."

"చేపలు?"

"మీరే వద్దన్నారంట గదయ్యా."

డాక్టరు గారు నా వైపు చూశారు. లేచి వరండాలోకి నడిచారు. నేనూ వెనక పోయాను.

"నేనెప్పుడు అన్నాను?"

"మీరనలేదు సార్. నేనే అన్నాను. నాకు ఆ వాసన పడదు."

ఆయన చిన్న గొంతుతో అన్నారు: "నీకు గిట్టనిది నీ పేరు మీద చెప్పుకో అమ్మా. వాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. నా పేరు మీద చెప్పావు కాబట్టి నమ్మారు. నీ పాలపొడి కట్టిపెట్టు. తల్లికి కడుపునిండా పెట్టించు, బిడ్డని రొమ్ముకి వేయించు. పాలు మళ్లీ పడతాయి."

లోపలికి పోయి చీటీ రాసిచ్చారు. మొదటి వరుసలో తోక ఉన్న వంకాయ. అది సొరచేప.

తెప్పల దగ్గర

మూడు రోజులకి బిడ్డని తీసుకుని పాళెం చేరాము. కాటమ్మకి చీటీ చూపించాను. ఆవిడ దాన్ని చూసి తల ఊపింది.

"సొర యాడనుంచి తెచ్చేది? వద్దన్న ఇంటికి మళ్లా వాటా రాదు. గంగమ్మ పెట్టింది కాదన్నట్టు లెక్క."

కొనుక్కుందామంటే సముద్రం ఇంకా సద్దుమణగలేదు. రెండు మూడు రోజులకొకసారి తెప్పలు పోతే, పడే ఒకటీ అరా పాలసొర మిగతా బాలింతల ఇళ్లకే చాలదు.

"ఎవరినడగాలి?" అన్నాను.

"తెప్పల పెద్దని. నువ్వు అడగలేవులే."

మర్నాడు పొద్దున తెప్పలు ఒడ్డుకి వచ్చే వేళకి నేను ఇసకలో నిలబడి ఉన్నాను. తెప్పల పెద్ద ముసలాయన, మోకాళ్లదాకా తడిసి ఉన్నాడు. చుట్టూ మగవాళ్లు, గంపలతో ఆడవాళ్లు. ఎన్నో కార్యక్రమాల్లో గడగడా మాట్లాడినదాన్ని, ఆ రోజు ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాను.

"చెంచమ్మకి సొర వద్దని డాక్టరు గారు చెప్పలేదు. నేను చెప్పాను. ఆయన పేరు పెట్టి అబద్ధం చెప్పాను. తప్పు నాది, ఆ ఇంటిది కాదు. వాటా మళ్లీ ఇప్పించండి."

ఆడవాళ్లలోంచి ఎవరో అన్నారు: "అడిగేది బాగానే అడిగింది. పట్టుకుంటదా?"

ముసలాయన గంపలోంచి ఒక సొరని తోక పట్టి తీశాడు. మూరెడు పైన ఉంది. "వద్దన్న నోటితోనే అడిగినావు. ఇంక చేతులు పట్టు తల్లీ" అన్నాడు.

స్వామీ అనుకుని రెండు చేతులూ చాచాను. దాని చర్మం ఒక వైపు నున్నగా, ఇంకో వైపు ఆకురాయి లాగా గరుగ్గా ఉంది. చల్లగా, నేననుకున్నదానికంటే బరువుగా ఉంది. ఒడ్డునుంచి కాటమ్మ గుడిసెదాకా అట్లాగే మోసుకుపోయాను. వెనక పిల్లలంతా ఊరేగింపు. "సొరమ్మ పోతా ఉంది చూడండే" అని ఎవరో అరిచారు. ఆ పేరు నాకు ఆ పాళెంలో ఉన్నన్నాళ్లూ నిలిచిపోయింది.

కాటమ్మ వండుతుంటే నేను పక్కన కూర్చుని చూశాను. పసుపు వేసి ఉడకబెట్టింది. చర్మం వలిచి, ఇసక లాంటి గరుకంతా కడిగింది. పిండి పొడి చేసింది. వెల్లుల్లి, ఉల్లి, మిరియాలతో వేయించింది. నేను కాగితం మీద రాసుకున్నాను.

"ఉప్పు నేను చూస్తాలే. నీకు ఉపవాసం గదా" అంది. ఈసారి ఆ మాటలో ముల్లు లేదు.

ఇంటికి పోయేసరికి, నేను వీధిలో ఉండగానే వాసనకి అమ్మకి తెలిసిపోయింది. "ఏం ముట్టుకున్నావు?" అంది. "సొరచేప" అన్నాను. బావి దగ్గర కూర్చోబెట్టి కడవ మీద కడవ తనే తోడి పోసింది. ఎందుకు, ఏమిటి అని అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. అంతా విని ఇంకో కడవ పోసింది, అంతే. మర్నాడు సాయంత్రం నేను పెరటి దారిన వస్తుంటే గడపలో నిలబడి, "పాలు పడ్డాయా?" అంది. "ఇంకా లేదమ్మా." ఆ మర్నాడూ అదే. రోజూ అదే. ఎనిమిదో రోజు, "పడ్డాయి. బిడ్డ తాగి నిద్రపోయింది" అన్నాను. ఆ సాయంత్రం అమ్మ స్వామి ముందు రెండో దీపం పెట్టింది.

ఉప్పు

తర్వాత నేను పాళేల్లో పని చేసిన తీరే మారిపోయింది. ఏ ఊరికి పోయినా మొదటి నెలంతా చెప్పేది మానేసి, పొయ్యి దగ్గర కూర్చుని అడిగేదాన్ని. డాక్టరు గారు ఏదైనా చెబితే అది కాగితం మీద రాయించుకుని అంతే చెప్పేదాన్ని. నాకు తోచింది చెప్పవలసి వస్తే "ఇది నా మాట" అని ముందే చెప్పేదాన్ని. మీకూ నేను చెప్పగలిగింది ఇంతే. సొరపుట్టు మిగతా పాళేల్లోనూ వండించాను. కాటమ్మ వండేది, నేను వివరించేదాన్ని. ఆఫీసరు గారు మాత్రం తన తెల్లగుడ్డ మీద సొరచేపని పెట్టనివ్వలేదు.

అరవైల చివర్లో నాకు బదిలీ అయింది. చెప్పిపోదామని పాళెం వెళ్లాను. కాటమ్మ గుడిసె ముందు పేడతో అలికి, ముగ్గేసి, పీట వేసి ఉంది. బడికి పోయే వయసు వచ్చిన చెంచమ్మ కూతురు చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసింది.

"కొత్త కుండమ్మా" అంది కాటమ్మ. "నీసు తగల్లా. పొయ్యి కూడా కొత్తగా పెట్టినాం. నువ్వు నేర్పిన పప్పే. ఇయ్యాల ఉపవాసం అంటే మాత్రం ఊరుకోను."

నేను కూర్చున్నాను. చెంచమ్మ ఆకు వేసి అన్నం పెట్టింది, తోటకూర పప్పు పోసింది. కళ్లు మూసుకుని స్వామిని తలుచుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ ఇంట్లో నేను తిన్న మొదటి ముద్ద అది.

ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా లేదు.

కాటమ్మ నా ముఖంలోకే చూస్తోంది. "మీ ఇంట్లో స్వామికి వండేటప్పుడు రుచి చూడరంటివే. అందుకని మేమూ చూళ్లా. ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది" అన్నాను.

మళ్లీ పెట్టించుకుని తిన్నాను. నా ఉపవాసాల్ని పక్కన పెడితే, ఆ పాళెంలో నేను చెప్పిన రెండో అబద్ధం అది. ఈసారి నా పేరు మీదే చెప్పాను.